నెల్లమ్మ రాయి

బస్సు దిగిన రోజారమణి సున్నపు గీత దగ్గర ఆగిపోయింది. నిన్న సాయంత్రం బడి విడిచి వెళ్ళేటప్పుడు ఆ గీత తిన్నగా ఉంది. ఊళ్ళోంచి తుంగభద్ర రేవు దాకా వేయబోయే కొత్త రోడ్డు కోసం కొలతలవాళ్ళు పోసిన గీత అది. నిన్న అది కాంట్రాక్టరు రాజేందర్ కొత్తగా కట్టుకున్న సిమెంటు గోదాము ప్రహరీని ఒక మూల కోసుకుంటూ పోయింది. ఇవాళ గోదాము దగ్గరికి రాగానే పక్కకు ఒరిగి, గోడను తాకకుండా తప్పుకొని, నర్సింగమ్మ పత్తిచేను గట్టెక్కింది. గట్టు మీద నిలబెట్టి ఉన్న నెల్లమ్మ రాయి మీదుగా సాగి రేవు వైపు దిగిపోయింది. పాత గీతను ఎవరో చెప్పుకాలితో చెరిపారు. చెరిపినా తెల్లటి మరక కనిపిస్తూనే ఉంది.

నర్సింగమ్మ రాయి పక్కనే గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో కలుపుతీసే కొడవలి ఉంది గాని కలుపు తీయడం లేదు.

"చూసినవా బిడ్డా? ఒక్క రాత్రిల గీతకు కాళ్ళొచ్చినయి."

"నిన్ను అడిగిండ్రా అవ్వా?"

"నన్నెవలు అడుగుతరు? రాజిగాడే రోడ్డు కాంట్రాక్టు పట్టిండు. గోదాము వాడిదే. చేను నాది. ఇంకేం అడిగేది?"

రోజారమణి ఆ ఊరి ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరు. సొంతూరు నల్లగొండ వైపు, ఇంట్లో ఇప్పటికీ మగ్గం ఆడుతుంది. రెండేళ్ళ కిందట ఇక్కడికి బదిలీ అయి, అలంపూర్‌లో గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వచ్చి పోతోంది. తెల్లారి బస్సు దిగితే మొదట కనిపించేది నర్సింగమ్మే. చేలో ఏది ఉంటే అది, వేరుశనక్కాయలో, దోసకాయో, ఆమె సంచిలో పడేయకుండా నర్సింగమ్మ ఏనాడూ పోనిచ్చేది కాదు.

ఇంగ్లీషువాళ్ళ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఒకసారి పిల్లలు, "మనది నైజాం కదా టీచర్, ఇంగ్లీషోళ్ళు మనూరికి రాలే" అన్నారు. రోజారమణి పుస్తకం మూసి వాళ్ళందరినీ రేవుకు తీసుకెళ్ళింది. ఈ ఒడ్డు నైజాంది, ఆ ఒడ్డు ఇంగ్లీషువాళ్ళది అని చూపించింది. ఇక్కడ నైజాం నాణెం హాలిసిక్కా చెల్లేదనీ, నది దాటితే ఇంగ్లీషువాళ్ళ కల్దారు రూపాయి కావాల్సి వచ్చేదనీ చెప్పింది. ఆవలి ఒడ్డున వాళ్ళు కాలువ తవ్వించినప్పుడు రాయి ఈ ఒడ్డునుంచే పోయిందని, నది బండల మీద వరసగా ఉన్న ఉలి గుంటలను పిల్లల వేళ్ళతో తడిమించింది. "మీ అవ్వ లాంతరు అంటదా లేదా? గిలాస అంటదా లేదా? ఇంగ్లీషోళ్ళు మీ ఇంట్లకు వచ్చే పోయిండ్రు, మీకే తెల్వదు" అంది. పిల్లలు ఇంటికెళ్ళి అవ్వల నోళ్ళలోంచి ఇంకా అలాంటి ఇంగ్లీషు మాటలు ఏరుకొచ్చారు.

ఆ రోజే నర్సింగమ్మ ఆమెకు నెల్లమ్మ కథ చెప్పింది.

"దొరలు రాళ్ళు కొట్టిపిచ్చేటప్పుడు గీడ డేరాలేసుకున్నరంట. ఒకనాడు చీకట్ల నది పొంగింది. అందరు నిద్రల ఉన్నరు. నెల్లమ్మ అని ఒక దొరసాని డేరా డేరా తిరిగి మొత్తుకున్నదంట. అందర్ని లేపి తను కొట్టుకపోయింది. మా అత్త చెప్పింది. మా అత్తకు వాళ్ళత్త చెప్పింది."

అందుకే ఏటా నదికి కొత్తనీళ్ళు రాగానే ఆడవాళ్ళు వచ్చి రాయికి నూనె రాసి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, ముందర పెరుగన్నం ముద్ద పెట్టిపోతారు. ఎన్ని తరాల నూనో, రాయి మీద నల్లగా బెరడు కట్టింది. కింద ఏదో రాత ఉందని అందరికీ తెలుసు. ఏమి రాసి ఉందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

నర్సింగమ్మకు మాత్రం అది కథ కాదు. పెద్ద వరద వచ్చిన ఏడు, నిద్రలో తనను ఎవరో పిలిచినట్టయి లేచానని, లేచి చూస్తే వాకిట్లో నీళ్ళున్నాయని, పిల్లలను చంకనేసుకుని మిట్టకెక్కానని ఆమె చెబుతుంది. "కలొచ్చింటది" అని మొగుడు భీమయ్య బతికున్నన్నాళ్ళూ నవ్వేవాడు. ఆమె మాత్రం, కలైతే పేరు పెట్టి పిలుస్తదా అనేది.

*

మధ్యాహ్నం రోడ్ల శాఖ ఏఈ శ్రీదేవి జీపులో వచ్చింది. విషయం విని రోజారమణి బడిలోంచి వెళ్ళింది. రాజేందర్ అప్పటికే మోటారుసైకిలుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"గీత ఎవరు మార్చారు?" అంది శ్రీదేవి.

"నేనే చెప్పిన మేడం. పెద్ద వానలు నెత్తి మీదికొచ్చినయి. ఇప్పుడు గోడ తీస్తే సిమెంటంతా తడిసి రాయైతది. గీడ ఉన్నది ఒక్క రాయే. పక్కకు జరిపితే ఎవలకేం నష్టం?"

"చేను నాది కాదారా రాజిగా?" అంది నర్సింగమ్మ.

"నీ చేను మూరెడు పోతది అవ్వా. నా గోడ మొత్తం పోతది."

"గుడి ఉంటే జరుపుదువా?" అని రోజారమణి అడిగింది.

"గుడి వేరు టీచరమ్మా. ఇది గుడా, గోరీయా, హద్దురాయా? ఎవలకన్న ఎర్కనా?"

శ్రీదేవి రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. "మనిషి సమాధి అయితే నేను ముట్టుకోను. తహసీల్దారు రావాలి, పంచనామా కావాలి, అంతవరకు గీత పాత జాగాలోకే పోవాలి. ఉత్త రాయి అయితే ఏ అడ్డూ లేదు. దీని మీద ఏముందో మీరు చదివి చెప్పగలరా టీచర్? సోమవారం పొద్దున మళ్ళీ వస్తాను. అందరి ముందరే చెప్పండి, తర్వాత మాట రాకుండా."

రోజారమణి వెంటనే ఒప్పుకుంది. ఆ క్షణాన ఆమెకు ఉత్సాహమే గాని భయం లేదు. దొరసాని పేరు, ఊరు, చనిపోయిన ఏడు తెలిస్తే గీత వెనక్కి పోతుంది. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

*

శనివారం బడి కాగానే పని మొదలుపెట్టారు. నర్సింగమ్మ మొదట రాయికి దండం పెట్టి, "నీ పేరు సదవనీకె కడుగుతున్నం తల్లీ, కోపం చెయ్యకు" అని చెప్పుకుంది. కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచింది. కుంకుడుకాయలు నలగ్గొట్టి నానేసిన రసం ఆ నీళ్ళలో కలిపింది. వేడి గుడ్డ రాయి మీద కాసేపు కప్పి ఉంచి తీస్తే పైపొర మెత్తబడేది. ఇనుము తగలనీయొద్దని రోజారమణి వెదురుపుల్ల చెక్కి, దానితో అంచుల నుంచి మెల్లగా లేపింది. ఒక్కో పొరా తారులాగా సాగుతూ వచ్చింది. నల్లటి పొర కింద పసుపు, పసుపు కింద మళ్ళీ నలుపు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా జిడ్డయ్యాయి. నర్సింగమ్మ కొబ్బరిపీచుతో రుద్దుతూ, "ఇది మా అత్త పోసిన నూనె అయ్యుంటది" అని ఒక పొరను, "ఇది వాళ్ళత్తది" అని మరో పొరను పలకరించింది.

సూర్యుడు వాలేసరికి పై వరుసలో పెద్దపెద్ద అక్షరాలు బయటపడ్డాయి.

"నెల్!" రోజారమణి గట్టిగా అరిచింది. "అవ్వా, నెల్ అని ఉన్నది. అమ్మ అనేది మీరు కలిపిండ్రు."

నర్సింగమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆ అక్షరాల మీద పెట్టింది. "ఇదా ఆమె పేరు? గింత చిన్నదా?" అంది. తర్వాత లేచి వెళ్ళి చేతులు కడుక్కుని, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చి, రోజారమణి జిడ్డు చేతులు చూసి తానే ముక్కలు తుంచి నోట్లో పెట్టింది.

నములుతూనే రోజారమణి రెండో వరుస మీద వేడి గుడ్డ వేసి తీసింది. చిన్న అక్షరాలు. పీచుతో రుద్దింది. చదివింది. నమలడం ఆపింది. మళ్ళీ రుద్ది మళ్ళీ చదివింది. ఒక కుక్క, అని ఉంది. మరో అర్థానికి చోటే లేదు.

"ఏమున్నది బిడ్డా?"

ఆమె తడిగుడ్డను ఆ వరుస మీద కప్పేసింది. "సరిగ్గ కనిపిస్తలేదవ్వా. పొద్దుగూకింది కదా. రేపొస్త."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె దారంతా ఒకటే ఆలోచించింది. రెండే రెండు మాటలు. కాస్త నూనె, కాస్త పసుపు మెత్తి ఆ గాడిలో నింపితే మళ్ళీ ఎవరికీ కనబడవు. నెల్ అనే దొరసాని సమాధి అంటే శ్రీదేవి నమ్ముతుంది, గీత వెనక్కి పోతుంది, నర్సింగమ్మ నవ్వుతుంది. కొత్తనీళ్ళకు పెరుగన్నం పెడుతుంది. ఎవరికీ కష్టం లేదు. కానీ అదే నోటితో మంగళవారం ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి, కళ్ళతో చూసిందే రాయండి అని ఎట్లా చెప్పడం? పైగా నర్సింగమ్మ తన చేత్తో రొట్టె తినిపించింది. ఎవరికైనా అబద్ధం చెప్పవచ్చు గాని ఆమెకు చెప్పడం ఎట్లా?

ఆదివారం ఆమె మొదటి బస్సుకే వచ్చి, చేలో ఉన్న నర్సింగమ్మ పక్కన కూర్చుని చెప్పేసింది.

"అవ్వా, గది మనిషి కాదు. నెల్ అంటే దొరల కుక్క."

నర్సింగమ్మ ఆమె ముఖం చూసింది. పరాచికమేమోనని చూసినట్టుంది. కాదని తెలిశాక చూపు చేను మీదికి తిప్పుకుంది. కాసేపు పత్తి మొలకల మధ్య గడ్డి పీకింది. పీకినది కుప్ప చేయలేదు. చివరికి రాయి కడగడానికి పొయ్యి మీద కాగుతున్న నీళ్ళ కుండను దించి, కట్టెలు వెనక్కి లాగి, నిప్పు మీద నీళ్ళు చల్లి, కుండ చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది. రోజారమణి "అవ్వా" అని పిలిచినా తిరిగి చూడలేదు.

అంత దూరం వచ్చి ఊరికే వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదు. రాత ఇంకా కిందికి ఉంది. సగం రాయి మట్టిలో పూడి ఉంది. ఎవరి చేలోనో ఉన్న గడ్డపార తెచ్చి మొదట్లో పొడవసాగింది. నాలుగు పోట్లకే చేతులు బొబ్బలెక్కాయి.

"గట్ల పొడిస్తే రాయి పెచ్చులు లేస్తది టీచరమ్మా!"

రాజేందర్ గోదాము దగ్గరనుంచి వచ్చాడు. దగ్గరికి రాగానే, గుడ్డ తీసేసి ఉన్న రెండో వరుస మీద కళ్ళు పడ్డాయి. పదో తరగతి దాకా చదువుకున్నవాడు, కూడబలుక్కుని చదివాడు. "డీ, ఓ, జీ... కుక్కనా?" పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నేండ్లు కుక్కకు కుంకుమ పెట్టిండ్రా? అయితే రేపు నా పని అల్కగ అయితది."

ఆమె జవాబు చెప్పకుండా మళ్ళీ గడ్డపార ఎత్తింది. అతను కాసేపు చూసి ఉండలేకపోయాడు. "ఇటు తేండ్రి" అని గడ్డపార లాక్కున్నాడు. రాయికి జానెడు ఎడంగా చుట్టూ గాడి తీశాడు. లోపలి మట్టిని చేత్తోనే తోడాడు. రాయి అంచు మీద బొటనవేలు ఆనించి కిందికంటా జార్చాడు. నవ్వు తగ్గింది.

"దీన్ని చెక్కినోడు చెయ్యి తిరిగినోడు. ఏడ గూడ ఉలి జారలే చూడుండ్రి. ఇది రాళ్ళు కొట్టే మావోళ్ళ చెయ్యే. దొరలు ఉలి పడ్తరా?"

కింది వరుసలు మట్టి వదిలి శుభ్రంగా బయటికొచ్చాయి. నూనె తాకని భాగం కాబట్టి నీళ్ళు పోయగానే తేటగా కనిపించాయి. అంత పొడుగు ఇంగ్లీషు అతనికి కొరుకుడుపడలేదు. రోజారమణి మోకాళ్ళ మీద కూర్చుని చివరిదాకా చదివింది.

"ఏముంది?"

"రేపు అందరి ముందర చదువుత."

"సరే మీ ఇష్టం" అని అతను చేతులు దులుపుకుని లేచాడు.

*

సోమవారం పొద్దున రాయి చుట్టూ ఊరు మూగింది. కుక్క సంగతి రాజేందర్ నోటి మీదుగా అప్పటికే ఇల్లిల్లూ తిరిగింది. మగపిల్లలు మూతులు చేత్తో మూసుకుని భౌమంటున్నారు. ఏటా నూనె తెచ్చే ఆడవాళ్ళు ఒక పక్క తలలు వంచుకుని నిలబడ్డారు. శ్రీదేవి గడియారం చూసుకుంది. నర్సింగమ్మ కనిపించలేదు. రోజారమణి ఆమె వచ్చే దారి వైపే చూస్తూ ఇంకొంచెం ఆగండి, ఇంకొంచెం ఆగండి అంటోంది.

నర్సింగమ్మ వచ్చింది. పెట్టెలోంచి తీసిన, మడత గీతలు ఇంకా పోని గద్వాల చీర కట్టుకుని వచ్చింది. జనం జరిగి దారిచ్చారు. రాయికి ఎదురుగా నిలబడి, రోజారమణి వైపు చూసి, "ఉన్నది ఉన్నట్టు సదువు బిడ్డా. ఒక్క ముక్క విడువకు" అంది.

రోజారమణి మొదట ఇంగ్లీషులో చదివింది. తర్వాత వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ తెలుగులో చెప్పింది.

"నెల్. ఒక కుక్క."

నవ్వులు లేచాయి. ఆమె ఆగలేదు.

"వరద వచ్చిన రాత్రి డేరా డేరాకు తిరిగి మొరిగి మమ్మల్నందరినీ లేపింది. తాను కొట్టుకుపోయింది, తెల్లారాకగాని దాని శవం దొరకలేదు. దాని వల్ల ప్రాణాలు దక్కించుకున్న దొరలూ, రాళ్ళు కొట్టేవాళ్ళూ కలిసి ఈ రాయి నిలబెట్టారు." కింద ఏడాది అంకె ఉంది, చివరి అంకె పెచ్చు లేచిపోయింది.

నవ్వులు ఆగిపోయాయి. నూనె తెచ్చే ఆడవాళ్ళలో ఒకామె, "డేరా డేరా తిరిగింది అన్న మాట గూడ ఉన్నదా?" అని మెల్లగా అడిగింది. ఉంది అని రోజారమణి ఆ మాట మీద వేలు పెట్టింది.

"రాళ్ళు కొట్టినోళ్ళు అని రాసిండ్రా?" రాజేందర్ అడిగాడు.

"రాసిండ్రు."

"పేర్లున్నయా?"

"లేవు."

అతను వంగి ఆ వరుసను మళ్ళీ చూశాడు. శ్రీదేవి గొంతు సవరించుకుంది. "చాలా మంచి చరిత్ర. కానీ నేను ఆఫీసు మాట చెప్పాలి. మనుషుల సమాధి కాదు కాబట్టి తహసీల్దారుతో పని లేదు. జాగ్రత్తగా తీసి పక్కన నిలబెట్టవచ్చు. రేపు మిషను వస్తుంది."

రోజారమణి రాత మీది వేలు వెనక్కి తీసుకుంది. నిజం చెప్పి తానే రాయిని తీయించినట్టయింది. నర్సింగమ్మ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు.

నర్సింగమ్మ మాత్రం రాయి దగ్గరికి వెళ్ళి దాని భుజం మీద చెయ్యి వేసింది.

"మా అత్త చెప్పింది అబద్ధం కాదు కద బిడ్డా? మొత్తుకున్నది నిజమే. అందర్ని లేపింది నిజమే. మనిషి కాదు, గంతే కద?" అంతలో ఆమెకే నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గాని ఆగలేదు. "ఇన్నేండ్లు కుంకుమ పెడ్తుంటే ఏమనుకున్నదో పాపం! గా పెరుగన్నం ఒక్కటే దానికి నచ్చి ఉంటది."

ఆడవాళ్ళు తలలెత్తి నవ్వారు. భౌమన్న పిల్లలూ నవ్వారు. శ్రీదేవి కూడా నవ్వింది. రాజేందర్ ఒక్కడే నవ్వలేదు. మోటారుసైకిలు తన్ని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

*

మంగళవారం బస్సు రోడ్డు మలుపు తిరుగుతుండగానే గోదాము దగ్గర దుమ్ము లేవడం రోజారమణికి కనిపించింది. మిషను వచ్చేసిందనుకుని, బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే దిగి పరుగెత్తింది.

మిషను లేదు. రాజేందర్ చొక్కా విప్పి మోటారుసైకిలు మీద వేసి, సమ్మెట పట్టుకుని తన ప్రహరీ మూలను తానే కొడుతున్నాడు. లోపలి సిమెంటు బస్తాల మీద పెద్ద పట్టా కప్పి ఉంది. కొలతలవాళ్ళు సున్నపు బుట్టతో చేనుగట్టు దిగి పాత మరక మీద కొత్తగా గీత పోస్తున్నారు.

"ఏంది టీచరమ్మా గట్ల చూస్తుండ్రు? గోడనే కద. మల్ల కట్టుకుంట. గీత పాత జాగలకే పోనీ అని మేడంకు రాత్రే చెప్పిన."

"ఏమైంది రాజేందర్?"

అతను ఇంకో దెబ్బ వేసి ఆగాడు. "నిన్న ఇంటికి పోయి మా నాయినను అడిగిన, మనం గీ ఊరికి ఎట్ల వచ్చినం అని. రాళ్ళు కొట్టనీకె వచ్చినం, దొరల కాలంల, అన్నడు. గంతకంటె ఆయనకు గూడ తెల్వదు." సమ్మెట కిందికి దించి దాని పిడి మీద గడ్డం ఆనించాడు. "గని ఒకటి చెప్పుండ్రి. కుక్కకు పేరు చెక్కిండ్రు. ఆ చెక్కినోడికే పేరు లేకపాయె. ఇదేం లెక్క?"

రోజారమణి ఇంగ్లీషువాళ్ళ గురించి రెండేళ్ళుగా పాఠాలు చెబుతోంది గాని ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే వేసుకోలేదు.

"ఆ రాయి వెనక ఉత్తగనే ఉన్నది, చూసిన," అన్నాడతను. "ఉలి మా నాయిన తాన ఉన్నది."

"దాని మీద వద్దు. పాతది పాతట్లనే ఉండనీ. పక్కన ఇంకో రాయి నిలబెట్టు."

"రాయిదేముంది, నదిల ఎన్ని లేవు? కాని ఏమని చెక్కాలె? పేర్లు తెల్వవాయె."

అప్పటికి నర్సింగమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి అతని చేతికిచ్చింది. కొంగు నడుముకు బిగించి, పడ్డ ఇటుకల్లో మంచివి ఏరి ఒక పక్క పేర్చసాగింది. "మూలలు పగలగొట్టకురా, మల్ల పనికొస్తయి" అని కసిరింది. రోజారమణి సంచి గట్టు మీద పెట్టి ఆమెతో పాటు వంగింది. బడిలో మొదటి గంట కొట్టారు.

"అవ్వా, నువ్వు చెప్పు," అన్నాడు రాజేందర్ చెంబు దించి. "గా దినం బతికినోళ్ళ గురించి ఏమని రాయాలె?"

నర్సింగమ్మ చేతిలో ఉన్న ఇటుకకు అంటిన సిమెంటును గోటితో గీకుతూ ఆలోచించింది.

"పేర్లు తెల్వకపోతే 'లేచినోళ్ళు' అని రాయి," అంది. "లేచినోళ్ళందరు."

"గంతేనా?"

"గంతే. ఇంకేం కావాలె?"

అతను నోట్లోనే ఒకసారి ఆ మాట అనుకుని చూశాడు. తలూపి, చెంబు ఆమె చేతికిచ్చి, అరచేతిలో ఉమ్మి రాసుకుని సమ్మెట ఎత్తాడు.